సోలార్ ఉన్న ఇంట్లో కరెంటు బిల్లు చెప్పని లెక్క: ఉత్పత్తి, వాడకం విడివిడిగా ట్రాక్ చేయడం ఎలా?

మార్చి రెండో వారంలో ధర్పల్లి నుంచి బాపు ఫోన్ చేశాడు. "ఏంరా, మూడు కిలోవాట్ల సోలార్ పెట్టుకున్నా మల్ల బిల్లు వచ్చింది. డిసెంబర్ల సున్నా ఉండె. ప్యానెళ్లు ఖరాబైనయా, లేకపోతే మీ చెల్లె ఏసీ ఏసుకొని పండుకునుడు ఎక్కువైందా?"

చాలా మంచి ప్రశ్న అది. రెండిట్లో ఏదో ఒకటి అయ్యుండాలి, లేదా రెండూ అయ్యుండాలి. బిల్లు ఫొటో వాట్సాప్‌లో పంపమన్నా. పది నిమిషాలు అటూ ఇటూ చూసినా అందులో సమాధానం దొరకలేదు. దొరకదు కూడా, ఎందుకంటే నెట్ మీటర్ బిల్లులో ఆ సమాచారమే ఉండదు. ఇంట్లో సోలార్ పెట్టించుకున్నవాళ్లు, పెట్టించుకోబోతున్నవాళ్లు ఈ ఒక్క విషయం అర్థం చేసుకుంటే మిగతాదంతా సులువు. అందుకే ఈసారి ఫోన్ రివ్యూ పక్కన పెట్టి, మా ఇంటి మీటర్ బోర్డు ముందు గడిపిన రెండు నెలల గురించి రాస్తున్నా.

ముందు మా సెటప్. 540 వాట్ల ప్యానెళ్లు ఆరు, అంటే 3.24 కిలోవాట్లు. సింగిల్ ఫేజ్ ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద పెట్టించాం. ఆ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000 రూపాయలు, మూడో కిలోవాట్‌కు 18,000, మొత్తం 78,000 సబ్సిడీ. మిగతాది బ్యాంకు లోన్. లోన్ కిస్తీ నెలనెలా కట్ అవుతోంది కాబట్టి, బిల్లు సున్నా రాకపోతే బాపుకి నిద్ర పట్టదు. నిజామాబాద్ జిల్లా ఉత్తర డిస్కమ్ కిందికి వస్తుంది, నెట్ మీటర్ వాళ్లదే.

బిల్లులో ఏముంటుంది, ఏముండదు

నెట్ మీటర్‌కి రెండు లెక్కలే తెలుసు. స్తంభం నుంచి ఇంట్లోకి వచ్చిన యూనిట్లు ఇంపోర్ట్. ఇంటి నుంచి స్తంభానికి వెళ్లిన యూనిట్లు ఎక్స్‌పోర్ట్. బిల్లు ఈ రెండిటి తేడా మీద వస్తుంది. మరి మధ్యాహ్నం ప్యానెళ్ల నుంచి వచ్చి నేరుగా మన ఫ్రిజ్‌కీ, ఫ్యానుకీ, బోరు మోటారుకీ వెళ్లిపోయిన కరెంటు? అది మీటర్ దాకా రానే రాదు. మీటర్ దృష్టిలో అది పుట్టలేదు, ఖర్చు కాలేదు.

కాబట్టి మూడో నంబర్ కావాలి. ఇన్వర్టర్ ఎంత తయారు చేసిందన్నదే అది. అది చేతికొస్తే లెక్క ఒక్క లైనే:

ఇంటి అసలు వాడకం = ఉత్పత్తి − ఎక్స్‌పోర్ట్ + ఇంపోర్ట్

మా డిసెంబర్ బిల్లులో ఇంపోర్ట్ 172, ఎక్స్‌పోర్ట్ 236. మనవే 64 యూనిట్లు మిగిలాయి, ఎనర్జీ చార్జీ సున్నా. మార్చి బిల్లులో ఇంపోర్ట్ 268, ఎక్స్‌పోర్ట్ 150. నికరంగా 118 యూనిట్లకు బిల్లు. అంటే రెండు నెలల మధ్య మొత్తం 182 యూనిట్ల తేడా. బాపు అడిగింది ఈ 182 గురించే.

ఇన్వర్టర్ యాప్ తెరిచి ఆ తేదీల ఉత్పత్తి తీశా. డిసెంబర్ బిల్లు కాలానికి 352, మార్చి బిల్లు కాలానికి 318. ఇప్పుడు ఫార్ములాలో వేయండి. డిసెంబర్‌లో వాడకం 352 − 236 + 172 = 288. మార్చిలో 318 − 150 + 268 = 436. వాడకం 148 యూనిట్లు పెరిగింది, ఉత్పత్తి 34 యూనిట్లు తగ్గింది. 148, 34 కలిపితే 182. లెక్క సరిపోయింది.

సగం జవాబు వచ్చినట్టే. చెల్లి చిన్న పాపతో ఇంటికొచ్చింది, గీజర్ రోజుకు మూడుసార్లు నడుస్తోంది, ఫిబ్రవరి చివర్లోనే ఏసీ మొదలైంది. 148 యూనిట్లు అక్కడికి పోయాయి, దాంట్లో తప్పేం లేదు. నన్ను ఆపింది ఆ 34. చూడ్డానికి చిన్న నంబరే. కానీ డిసెంబర్ కంటే ఫిబ్రవరి, మార్చిలో ఎండ ఎక్కువ, పగలు పొడుగు, మబ్బులు తక్కువ. ఉత్పత్తి పెరగాల్సిన టైములో తగ్గింది. అమెరికా ప్రభుత్వ ల్యాబ్ ఎన్‌ఆర్‌ఈఎల్ వాళ్ల పీవీవాట్స్ అనే ఉచిత టూల్‌లో మా ఊరు, ప్యానెళ్ల వాలు, దిక్కు ఇచ్చి చూస్తే ఆ ముప్పై రోజులకు 408 యూనిట్లకు అటూ ఇటూ చూపించింది. అంటే మేం పోగొట్టుకున్నది 34 కాదు, సుమారు 90.

తొంభై యూనిట్లంటే ఎంత డబ్బు? ఇక్కడ తెలంగాణ స్లాబులు తెలియాలి. 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన టారిఫ్ ప్రకారం నెల వాడకం 100 లోపు ఉంటే మొదటి 50కి యూనిట్‌కు 1.95, తర్వాతి 50కి 3.10. వంద దాటితే ఆ మొదటి వంద కూడా 3.40 అయిపోతుంది, ఆ పైన 4.80. రెండొందలు దాటితే మొదటి 200 మొత్తం 5.10 లెక్కన, ఆ పైన 7.70 నుంచి మొదలు. అంటే 200 యూనిట్లకు 820 రూపాయలైతే, 201 యూనిట్లకు 1,027.70. ఆ ఒక్క యూనిట్ ధర రెండొందల పైచిలుకు! మా 118 యూనిట్లకు ఎనర్జీ చార్జీ 426.40 పడింది. ఆ తొంభై యూనిట్లు వచ్చుంటే 28 యూనిట్లకు 54.60 అయ్యేది. నెలకు 370 రూపాయలు గాలిలో కలిసిపోతుంటే బిల్లు మాత్రం "మీరు 118 వాడారు" అన్నట్టు చెబుతోంది.

యాప్ లెక్కతో ఒక జాగ్రత్త. యాప్ నెల ఒకటో తారీఖు నుంచి చూపిస్తుంది, బిల్లు రీడింగ్ తీసింది మాత్రం తొమ్మిదో, పదో తారీఖున. నేరుగా నెల మొత్తం తీసుకుని లెక్కేస్తే అంతా తప్పు వస్తుంది. రోజువారీ నంబర్లు తీసి, రీడింగ్ తేదీ నుంచి రీడింగ్ తేదీ దాకా కూడండి. నేను మొదటిసారి ఈ తప్పే చేసి, బాపుతో అరగంట అనవసరంగా వాదించా.

రూపాయి ఖర్చు లేకుండా మొదలుపెట్టండి

గాడ్జెట్ కొనే ముందు మీ దగ్గరున్న ఫోన్ చాలు. నెట్ మీటర్ మీద బటన్ నొక్కుతూ పోతే డిస్‌ప్లే మారుతుంది, ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్, వోల్టేజ్ అన్నీ ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. పొద్దున ఆరింటికి ఒక ఫొటో, సాయంత్రం ఆరింటికి ఒక ఫొటో. వారం చేస్తే చాలు. సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఆరు దాకా ఎండ ఉండదు కాబట్టి ఆ మధ్య పెరిగిన ఇంపోర్ట్ మొత్తం మీ రాత్రి వాడకమే. పగటి వాడకానికి పై ఫార్ములా. అమ్మకి ఈ డ్యూటీ ఇచ్చా. మొదటి రెండు రోజులు మీటర్ కాకుండా బోర్డు మీదున్న బల్లి ఫొటోలు వచ్చాయి గానీ, తర్వాత బాగానే పంపింది.

రెండో ట్రిక్ కెమెరా ప్రియులకు. మీటర్ మీద చిన్న ఎర్ర ఎల్‌ఈడీ మిణుకుమిణుకుమంటుంది కదా, దాని పక్కనే ఒక యూనిట్‌కు ఎన్ని పల్సులో రాసి ఉంటుంది. మా మీటర్‌కి 3,200. అంటే ఒక్కో మెరుపు 0.3125 వాట్ అవర్. పది మెరుపులకు ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. 3,600ని 1,000తో, మళ్లీ 10తో గుణించి, వచ్చినదాన్ని 3,200తోనూ సెకన్లతోనూ భాగిస్తే ఆ క్షణంలో నడుస్తున్న వాట్లు వస్తాయి. పదికి 9 సెకన్లు పడితే 1,250 వాట్లు. గీజర్, ఏసీ కలిసి నడుస్తుంటే మెరుపులు కంటికి అందవు, అప్పుడు స్లోమోషన్ వీడియో తీసి ఫ్రేములు లెక్కపెట్టుకోవచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి, మా మీటర్‌లో ఇంపోర్ట్‌కీ ఎక్స్‌పోర్ట్‌కీ అదే ఎల్‌ఈడీ మెరుస్తుంది. అందుకే ఈ ట్రిక్ పొద్దుమూకినాకే వాడండి.

అర్ధరాత్రి ఒంటిగంటకు, ఏసీ ఆపి ఉన్నప్పుడు, పది మెరుపులకు 62 సెకన్లు పట్టింది. సుమారు 180 వాట్లు. అందరూ పడుకున్న ఇంట్లో 180 ఏంటి? దీని సంగతి చివర్లో చెబుతా.

సీటీ క్లాంప్, నేను చేసిన పొరపాటు

ఫొటోలతో రోజు మొత్తం తెలుస్తుంది, గంటగంటకు ఏం జరుగుతోందో తెలీదు. తొంభై యూనిట్లు ఎక్కడ పోతున్నాయో పట్టుకోవాలంటే గ్రాఫ్ కావాలి. అందుకు వాడేది సీటీ, అంటే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్. వైరు చుట్టూ క్లిప్పులా పట్టుకునే చిన్న కాయిల్. వైరు కోయక్కర్లేదు. లోపల పారుతున్న కరెంటుకు తగ్గట్టు చిన్న సిగ్నల్ ఇస్తుంది.

నేను తీసుకున్నది పీజెమ్-004టీ అనే మాడ్యూల్, మూడో వెర్షన్. 100 యాంపియర్ల సీటీ దాంతోనే వస్తుంది, వోల్టేజ్, కరెంట్, వాట్లు, యూనిట్లు, పవర్ ఫ్యాక్టర్ అన్నీ సీరియల్ పోర్టులో ఇస్తుంది. దాన్ని ఈఎస్‌పీ32 బోర్డుకి కలిపి, ఈఎస్‌పీహోమ్ ఫర్మ్‌వేర్ వేసి, పాత ల్యాప్‌టాప్‌లో నడిచే హోమ్ అసిస్టెంట్‌కి పంపా. హోమ్ అసిస్టెంట్‌లో 2021 ఆగస్టు నుంచి ఎనర్జీ డాష్‌బోర్డు ఉంది, సోలార్, గ్రిడ్, ఇల్లు మూడూ ఒకే తెర మీద చూపిస్తుంది. రెండు మాడ్యూళ్లు, బోర్డు, డబ్బా కలిపి నాకు రెండు వేల లోపే అయింది.

మొదటి మాడ్యూల్ సీటీని తీసుకెళ్లి మీటర్ నుంచి వచ్చే మెయిన్ వైరుకి తగిలించా. అందరూ చేసే పని అదే. మధ్యాహ్నం పన్నెండుకి అన్నీ ఆపేసి చూస్తే, ఇల్లు 2.3 కిలోవాట్లు వాడుతోందని డాష్‌బోర్డు చూపిస్తోంది. అన్నీ ఆపితే రెండు కిలోవాట్లేంటి?

అప్పుడు అర్థమైంది. ఈ మాడ్యూల్‌కి దిశ తెలీదు. కరెంటు లోపలికి వస్తున్నా బయటికి పోతున్నా పాజిటివ్ నంబరే ఇస్తుంది. మేం గ్రిడ్‌కి ఇస్తున్న కరెంటుని మేం వాడుతున్నట్టు చూపిస్తోంది. సోలార్ లేని ఇంట్లో ఇది సూపర్ మాడ్యూల్, సోలార్ ఇంట్లో తప్పు చోట పెడితే పచ్చి అబద్ధం చెబుతుంది. పరిష్కారం రెండు రకాలు. షెల్లీ ఈఎమ్ లాంటి దిశ తెలిసిన పరికరం కొనడం, అది వచ్చినదీ వెనక్కి పోయినదీ వేర్వేరుగా లెక్కపెడుతుంది. లేదా ఇదే మాడ్యూల్‌ని దిశ ఎప్పుడూ మారని చోట పెట్టడం. నేను రెండోది చేశా. ఒక సీటీ ఇన్వర్టర్ నుంచి వచ్చే వైరుకి, ఇంకోటి ఇన్వర్టర్ కలిసే చోటు దాటాక ఇంటి లోడ్లకి వెళ్లే వైరుకి. ఇంటి లోడు నుంచి సోలార్ తీసేస్తే గ్రిడ్ వస్తుంది. ప్లస్ అయితే ఇంపోర్ట్, మైనస్ అయితే ఎక్స్‌పోర్ట్. మీటర్ రీడింగ్‌తో పోల్చి చూస్తే పది రోజుల్లో రెండు మూడు శాతం తేడా, నాకది చాలు.

ఇన్వర్టర్ కంపెనీ యాప్ ఉండగా ఇదంతా ఎందుకని అడగొచ్చు. షైన్‌ఫోన్, సోలిస్‌క్లౌడ్, ఐసోలార్‌క్లౌడ్, ఏదైనా సరే, ఇన్వర్టర్‌కి విడిగా మీటరో సీటీయో కలపకపోతే ఉత్పత్తి ఒక్కటే చూపిస్తాయి, ఇంటి వాడకం చూపించవు. పైగా మా యాప్‌లో ఐదు నిమిషాలకో పాయింటే ఉంటుంది, ఆ మధ్యలో జరిగింది సగటులో కలిసిపోతుంది. మా సమస్య అక్కడే దాక్కుంది.

హెచ్చరిక: సీటీ క్లిప్పు బయట నుంచే తగిలించొచ్చు గానీ, మాడ్యూల్‌కి వోల్టేజ్ కోసం 230 వోల్టుల వైర్లు ఇవ్వాలి. అది ఎలక్ట్రీషియన్‌తో, మెయిన్ ఆపి, ఫ్యూజు పెట్టి చేయించండి. డిస్కమ్ మీటర్ సీలు జోలికి మాత్రం పోవద్దు.

దువ్వెన పళ్లు

గ్రాఫ్ రాకముందు నా అనుమానం దుమ్ము మీద. ఫిబ్రవరి, మార్చిలో మా దగ్గర పసుపు పని జోరు మీద ఉంటుంది. తవ్వడం, ఉడకబెట్టడం, కల్లాల్లో ఆరబెట్టడం, డ్రమ్ముల్లో పాలిష్ పట్టడం. పాలిష్ డ్రమ్ము తిరిగే చోట గాలి కూడా పచ్చగా ఉంటుంది. మా ప్యానెళ్ల మీద వేలితో పేరు రాయొచ్చు, అంత దుమ్ము. పొద్దుగాల, ప్యానెళ్లు వేడెక్కకముందే కడిగించా. ఉత్పత్తి మూడు నాలుగు శాతం పెరిగింది. పనికొచ్చేదే గానీ, మనం వెతుకుతున్నది ఇరవై శాతానికి పైన.

తర్వాతి అనుమానం వేడి. ఎండ పెరిగితే ఉత్పత్తి పెరుగుతుంది, ప్యానెల్ వేడెక్కితే తగ్గుతుంది. మామూలుగా 25 డిగ్రీల పైన ఒక్కో డిగ్రీకి 0.35 శాతం చుట్టుపక్కల పోతుంది. ప్యానెల్ 65 డిగ్రీలకు చేరితే 14 శాతం తక్కువ. కానీ పీవీవాట్స్ లెక్కలో ఇది ముందే కలిసి ఉంది. కాబట్టి అదీ కాదు.

ఐదు సెకన్లకో పాయింటుతో గ్రాఫ్ వచ్చాక ఒక్క రోజులో దొరికిపోయింది. మబ్బు లేని రోజు సోలార్ గ్రాఫ్ నున్నటి గుట్టలా ఉండాలి. మాది పదకొండు దాకా అలాగే ఉంది. పదకొండు నుంచి రెండున్నర దాకా దువ్వెన పళ్లలా ఉంది. 2.4 కిలోవాట్లు, హఠాత్తుగా సున్నా, ఒక నిమిషం పైన ఖాళీ, మళ్లీ మెల్లగా ఎక్కడం, మళ్లీ సున్నా.

అదే తెర మీద వోల్టేజ్ గ్రాఫ్ పెట్టి చూశా. సున్నాకి పడే ముందు ప్రతిసారీ 253 దాటుతోంది. పడ్డ వెంటనే 244, 245కి దిగుతోంది.

గ్రిడ్‌కి కలిసే ఇన్వర్టర్లన్నిటికీ ఒక నియమం ఉంటుంది. వోల్టేజ్ మామూలు 230 మీద పది శాతం కంటే పెరిగితే, అంటే 253 దాటితే, రెండు సెకన్లలో గ్రిడ్ నుంచి విడిపోవాలి. మళ్లీ అంతా సర్దుకున్నాక నిమిషం ఆగి కలవాలి. కరెంటు పోయినప్పుడు ఎండ మండుతున్నా ఆన్‌గ్రిడ్ సోలార్ ఆగిపోయేది కూడా ఇలాంటి రక్షణ వల్లే. స్తంభం మీద పని చేస్తున్న లైన్‌మన్ ప్రాణం దాని మీద ఆధారపడి ఉంది. కాబట్టి ఇన్వర్టర్ చెడిపోలేదు, సరిగ్గా తన పని తాను చేస్తోంది.

మరి 253 ఎందుకు దాటుతోంది? గ్రిడ్‌కి కరెంటు నెట్టాలంటే ఇన్వర్టర్ దగ్గర వోల్టేజ్ స్తంభం దగ్గర కంటే ఎక్కువ ఉండాలి, నీళ్లు పల్లానికి పారినట్టు. ఎంత ఎక్కువ అనేది మధ్యలో ఉన్న వైరు మీద ఆధారపడి ఉంటుంది. మా స్తంభం నుంచి మీటర్ దాకా నలభై మీటర్లు, నాలుగు చదరపు మిల్లీమీటర్ల పాత అల్యూమినియం సర్వీస్ వైరు. ఆ సైజు అల్యూమినియం కిలోమీటర్‌కు 7.4 ఓమ్‌ల దాకా ఉంటుంది. పోను రాను ఎనభై మీటర్లు, 0.59 ఓమ్. మూడు కిలోవాట్లు ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు 12 యాంపియర్లు. రెండూ గుణిస్తే 7 వోల్టులు. మీటర్ నుంచి ఇన్వర్టర్ దాకా ఉన్న రాగి కేబుల్ మరో వోల్టున్నర కలుపుతుంది. స్తంభం దగ్గర 245 ఉంటే మా ఇన్వర్టర్ దగ్గర 253 దాటుతుంది. ట్రిప్పయిన వెంటనే ఎనిమిది తొమ్మిది వోల్టులు దిగడం దీనికి సాక్ష్యం. తప్పు మొత్తం ఊరి లైనుదే అయితే మా ఇన్వర్టర్ ఆగినా వోల్టేజ్ అలాగే ఉండాలి కదా.

డిసెంబర్‌లో ఎందుకు లేదు? కొద్దిగా ఉంది, ఎవరూ చూడలేదు. జనవరిలో మా ట్రాన్స్‌ఫార్మర్ మీదే ఇంకో రెండిళ్లకు సోలార్ పడింది. మధ్యాహ్నం అందరూ కలిసి నెడుతుంటే స్తంభం దగ్గర వోల్టేజ్ కూడా నాలుగైదు వోల్టులు పైకి జరిగింది. సబ్సిడీతో వీధికి నాలుగు రూఫ్‌టాప్‌లు వస్తున్న ఊళ్లలో ఈ సమస్య ఇకముందు ఎక్కువే కనిపిస్తుందని నా అంచనా.

సోలార్ పెట్టిన టెక్నీషియన్‌కి ఫోన్ చేస్తే, ఇన్వర్టర్ సెట్టింగులో లిమిట్ 270కి పెంచేస్తే అయిపోతుందన్నాడు. వద్దన్నా. ఇన్వర్టర్ నోరు మూయించినంత మాత్రాన ఆ 260 వోల్టులు మాయం కావు, మన ఫ్రిజ్, టీవీలకే కాదు, పక్కింటివాళ్లకీ పోతాయి. లైన్‌మన్‌తో మాట్లాడి, మా ఖర్చుతో పదహారు చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం సర్వీస్ వైరు వేయించాం. దాని నిరోధం నాలుగో వంతు. 7 వోల్టుల పెరుగుదల 1.8కి వచ్చింది. ఇప్పుడు మండు మధ్యాహ్నం ఇన్వర్టర్ దగ్గర 248, 249. దువ్వెన పళ్లు పోయాయి.

ప్యానెళ్లు మార్చలేదు, ఇన్వర్టర్ మార్చలేదు. నలభై మీటర్ల వైరు మార్చామంతే.

పగలు వాడితే బిల్లు తగ్గుతుందా?

యూట్యూబ్‌లో ప్రతి సోలార్ వీడియోలో చెప్పే మాట, "వాషింగ్ మెషీన్, మోటారు, గీజర్ అన్నీ పగలే వేసుకోండి, బిల్లు తగ్గుతుంది". నెట్ మీటరింగ్‌లో ఇది చాలావరకు నిజం కాదు. మధ్యాహ్నం గ్రిడ్‌కి ఇచ్చిన యూనిట్‌కీ, రాత్రి తీసుకున్న యూనిట్‌కీ ఒకటికి ఒకటి చెల్లు. గీజర్ పన్నెండుకి వేసినా రాత్రి ఎనిమిదికి వేసినా నికరం అదే. ఎక్స్‌పోర్ట్‌కి తక్కువ రేటు కట్టే పద్ధతి ఉన్న చోట మాత్రం ఆ సలహా బంగారం.

మా కేసులో మాత్రం అనుకోకుండా ఉపయోగపడింది, వైరు మార్చకముందు. ఎక్స్‌పోర్ట్ తగ్గితే వోల్టేజ్ పెరుగుదల తగ్గుతుంది కాబట్టి, పదకొండున్నరకి బోరు మోటారు, దాని తర్వాత గీజర్ వేయమని అమ్మకి చెప్పా. అవి నడిచినంతసేపు గ్రాఫ్ నున్నగా ఉండేది. మీ ఇన్వర్టర్ మధ్యాహ్నం ట్రిప్పవుతోందని అనుమానం ఉంటే పైసా ఖర్చు లేని పరీక్ష ఇదే. పెద్ద లోడు వేసి, ట్రిప్పులు ఆగుతాయేమో చూడండి.

ఆ 180 వాట్ల సంగతి

ఇంటి మొత్తం గ్రాఫ్ చూస్తూ ఏ మెట్టు ఏ వస్తువుదో గుర్తుపట్టడం మంచి సరదా. గీజర్ నిటారుగా రెండు వేల వాట్లు ఎక్కి నిటారుగా దిగుతుంది. ఫ్రిజ్ రంపపు పళ్లలా ఆన్ అవుతూ ఆఫ్ అవుతూ ఉంటుంది. మోటారు మొదట ఒక పోటు పొడిచి తర్వాత కుదురుకుంటుంది. ఇలా ఒకే చోట కొలిచి వస్తువుల్ని విడదీయడం మీద ఎంఐటీలో జార్జ్ హార్ట్ 1980లలోనే పనిచేసి, 1992లో పేపర్ వేశాడు. ఇప్పుడు ఏఐ యాప్‌లు చేస్తామనేది అదే. నా అనుభవంలో పెద్ద వస్తువులకు కళ్లు చాలు, చిన్నవాటికి ఎనర్జీ మీటర్ ఉన్న 16 యాంపియర్ల స్మార్ట్ ప్లగ్ చాలు.

ఆ ప్లగ్ పట్టుకుని రాత్రి ఇల్లంతా తిరిగా. ఫ్రిజ్ సగటున యాభై చిల్లర. రెండు గదుల్లో పాత ఫ్యాన్లు, స్పీడు తగ్గించి ఉన్నవి, కలిపి డెబ్బై దాకా. రూటర్, సెట్‌టాప్ బాక్సు కలిపి పదిహేను. ఇంకో నలభై చిల్లర దొరకలేదు. చివరికి మెట్ల కింద దొరికింది. బ్యాటరీ ఇన్వర్టర్, సోలార్ రాకముందు కరెంటు కోతల కాలంలో కొన్నది. (మా ఇంట్లో ఇప్పుడు "ఇన్వర్టర్" అంటే ఏదో తేల్చుకోవడానికే ఒక నిమిషం పడుతుంది.) బ్యాటరీ ఫుల్ అయినా సరే 46 వాట్లు తాగుతూనే ఉంది. నెలకు 33 యూనిట్లు. ముసలి బ్యాటరీ, చార్జ్ నిలబడక ఎప్పుడూ నింపుకుంటూనే ఉంటుంది. కరెంటు పోయినప్పుడు ఇరవై నిమిషాలు కూడా రావట్లేదని బాపు ఎప్పటినుంచో అంటున్నాడు, నేనే పట్టించుకోలేదు.

వైరు మార్చిన తర్వాతి బిల్లు ముప్పై రోజులకు వచ్చింది. ఉత్పత్తి 396, ఇంపోర్ట్ 262, ఎక్స్‌పోర్ట్ 206. వాడకం 452, అంటే ఎండలు ముదిరి ఇంకో 16 యూనిట్లు పెరిగింది. అయినా నికరం 118 నుంచి 56కి దిగింది. ఎనర్జీ చార్జీ 116.10.

"సున్నా రాలే కదా" అన్నాడు బాపు. కొత్త బ్యాటరీ కొనాలా, బ్యాటరీ ఇన్వర్టర్ మొత్తానికే పీకేయాలా అనేది ఇప్పుడు ఇంట్లో నడుస్తున్న పంచాయితీ. పోయిన ఆదివారం సోలార్ పెట్టుకున్న పక్క వీధి ఆయన వచ్చి, మా మధ్యాహ్నం గ్రాఫ్ చూసి, తన ఇన్వర్టర్ కూడా పన్నెండుకి టిక్కు టిక్కుమంటోందన్నాడు. బాపు ఫోన్ తీసి వోల్టేజ్ తెర చూపిస్తూ ఆయనకి అడిగిన మొదటి ప్రశ్న: "నీ సర్వీస్ వైరు ఎంత లావుంది?"